అంచనాలో లేని పద్దు

ఇల్లు కట్టదలచినవారు ముందుగా అడిగే ప్రశ్న "అడుగుకు ఎంత పడుతుంది?" అని. మేస్త్రి ఒక అంకె చెబుతాడు. దానిని విస్తీర్ణంతో హెచ్చించి, మనసులో ఒక మొత్తాన్ని స్థిరపరచుకొని, మంచి రోజు చూసి శంకుస్థాపన చేస్తాము. గృహప్రవేశం నాటికి ఆ అంకెకూ అయిన ఖర్చుకూ పోలిక ఉండదు. అప్పుడు నింద సిమెంటు మీద, ఇనుము మీద, ఇసుక మీద పడుతుంది. ఆ నింద పూర్తిగా అన్యాయమని అనను గానీ, అసలు దోషి అంచనా కాగితంలో ఎక్కడా కనబడదని నా అభిప్రాయం.

మా చంద్రగిరి పరిసరాలలో స్థలాన్ని నేటికీ అంకణాలలో చెప్పుకుంటారు. తిరుపతి వైపు అంకణమంటే 36 చదరపు అడుగులు; నెల్లూరు చేరేసరికి అదే మాటకు 72. "అడుగుకు ఇంత" అన్న మాట కూడా అటువంటిదే. అందులో సంపు ఉందా, సెప్టిక్ ట్యాంకు ఉందా, మిద్దెమెట్లు, ప్రహరీ ఉన్నాయా అన్నది ముందు అడగనివారికి ఒకే మాట రెండు కొలతలుగా తేలుతుంది.

నేల సంగతి మరొకటి. కొండవాలున గట్టి గరుసు తగిలితే పునాది తొందరగా తేలిపోతుంది. కాలువనో కుంటనో పూడ్చి వేసిన లేఅవుటులో స్థలం చౌకగా వస్తుంది. ఆ మిగిలిన డబ్బును పునాది మింగుతుంది. 2021 నవంబరు వానలలో స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది పల్లెలను ఖాళీ చేయించిన రోజులను చూసినవారికి, అరుగు ఎత్తు మరో రెండడుగులు ఎందుకు పెంచాలో చెప్పనక్కరలేదు. గోడలు లేవకముందే నిర్ణయమైపోయే ఖర్చు ఇది.

ఇక సిమెంటు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చిననాటి నుండి సిమెంటు మీద 28 శాతం పన్ను ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుండి దానిని 18 శాతానికి తగ్గించారు. మంచిదే. పన్నుకు ముందు బస్తా 300 రూపాయలనుకుంటే, బస్తాకు 30 రూపాయలు మిగులుతాయి. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి సుమారు 400 బస్తాలు పడతాయన్నది మేస్త్రీల వాడుక లెక్క. అంటే మొత్తం ఇంటికి కలిసివచ్చేది 12,000 రూపాయలు.

ఇప్పుడు మరో లెక్క. ఇదే ఇంటికి ఊరిలో నూటికి రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు తెచ్చారనుకోండి. నెలకు వడ్డీ 10,000. పని నెలన్నర నిలిచిపోతే, తగ్గించిన పన్ను మొత్తం ఆవిరి కావడమే కాక పైన మరో 3,000 చేతినుండి పడుతుంది. దానికి తోడు సెంట్రింగు సామాను అద్దె, ఉంటున్న ఇంటి బాడుగ. అంచనా కాగితంలో లేని పద్దు ఇదే: కాలం.

కాలం ఎందుకు ఖర్చవుతుంది? కొంత మన చేతలవల్లనే. దర్వాజా నిలిపిన తరువాత చుట్టం ఒకాయన వచ్చి ఈశాన్యం తగ్గిందంటాడు. గోడ పగులుతుంది. బేల్దారి మరో పనికి పోతాడు, మళ్ళీ మన వంతు వచ్చేసరికి పౌర్ణములు రెండు దాటుతాయి. వాస్తును నమ్మేవారితో నాకు పేచీ లేదు; ఆ సంప్రదింపు ముగ్గు పోయకముందే ముగించుకోవలసింది.

మిగిలినది మన చేతిలో లేనిది. స్వర్ణముఖి పక్కనే ఉన్న ఊరికి ఇసుక కరవు రావడమేమిటని పెద్దలు ఆశ్చర్యపోయేవారు. 2016లో ఉచితమన్నారు. 2019 సెప్టెంబరులో టన్ను 375 రూపాయలన్నారు. కానీ అంతకు ముందూ వెనుకా నెలల తరబడి ఇసుకే దొరకక రాష్ట్రమంతటా పనులు ఆగి కూలీలు పస్తులున్నారు. 2021లో ప్రైవేటు సంస్థకు అప్పగించి టన్ను 475 చేశారు. 2024 జూలైలో మళ్ళీ ఉచితం. ఎత్తుడు కూలీ, బండి బాడుగ మాత్రం మనవే. ఈ విధానాలలో ఏది మేలన్న చర్చకు నేను దిగను. సగం కట్టిన గోడలతో నిలిచిపోయినవానికి ధరకంటె ఆ మార్పే ఎక్కువ నష్టం చేసింది.

మా కోటలోని రాజమహలును రాయి, ఇటుక, సున్నంతో, కలప వాడకుండా మూడంతస్తులు లేపారు. చూడవచ్చినవారు దానిని చూపి, దగ్గర దొరికేదానితో కడితే చౌక కదా అంటుంటారు. నిజమే. అయితే ఆ కట్టించినవారు నెలనెలా వడ్డీ కట్టవలసినవారు కారు.

వడ్డీ బాధ అందరికంటె ఎక్కువ తగిలేది సర్కారు ఇల్లు కట్టుకొనే పేదవానికి. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన ఇళ్ళ పథకంలో 340 చదరపు అడుగుల ఇంటికి లక్షా 80 వేలు నిర్ణయించారు. అడుగుకు 529 రూపాయలు. ఆ ధరకు ఇల్లు లేవదని అందరికీ తెలుసు. 2025లో ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ప్రకటించడమే అందుకు సాక్ష్యం. కానీ మొత్తం ఎంతన్నదానికంటె ఎప్పుడన్నది నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. పునాది లేచాక ఒక బిల్లు, పైకప్పు దాకా వచ్చాక ఒకటి, కప్పు పడ్డాక మరొకటి. అంటే ప్రతి దశకూ ముందు అప్పు, వెనుక బిల్లు. బిల్లు ఆరు నెలలు ఆలస్యమైతే, లక్ష రూపాయల అప్పు మీద 12,000 వడ్డీ అవుతుంది. ఆ పద్దు ఏ అధికారి పుస్తకంలోనూ ఎక్కదు. కూలిపని మానుకొని తన ఇంటికి తానే కూలీగా పనిచేసిన రోజులూ ఎక్కవు.

నా మాట ఒక్కటే. పునాదికయ్యే సొమ్మును ముందుగా చేతికివ్వాలి. ఇంజినీరు కొలతలు తీసుకున్న నెల లోపల బిల్లు రాకపోతే, కరెంటు బిల్లు ఆలస్యమైనప్పుడు మన దగ్గర వసూలు చేసినట్లే, ప్రభుత్వమూ ఆ ఆలస్యానికి రుసుము కలిపి చెల్లించాలి.