మిగిలిన ఏడాది ఎవరిది?

తెలివైన పిల్లకు డబుల్ ప్రమోషన్ ఇవ్వాలా వద్దా అన్న చర్చ మన దగ్గర ఎప్పుడూ హైదరాబాదు నుంచే మొదలవుతుంది. ఎనిమిదేళ్లకే పదో తరగతికి సమానమైన పరీక్ష పాసైన నైనా జైస్వాల్‌ను ఉదాహరణగా చూపిస్తారు. ఆ అమ్మాయికి తల్లిదండ్రులే ఇంట్లో చదువు చెప్పారన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తురాదు.

ఇదే ప్రశ్నను గద్వాల జిల్లా గట్టు మండలంలో వేసి చూద్దాం. 2011 లెక్కల నాటికి ఈ జిల్లా ప్రాంతంలో సగం మందికి కూడా అక్షరాలు రావు. మూడో తరగతి పిల్ల ఐదో తరగతి లెక్కలు చేసేస్తోంది. నాలుగు దాటిస్తే ఆమెకు ఒక ఏడాది మిగులుతుంది. ఆ ఏడాది ఎవరి చేతికి పోతుంది?

ఇది సీడు పత్తి పండే నేల. సాయంత్రం మొగ్గల్లోంచి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున్నే పుప్పొడి అద్దాలి. ఈ క్రాసింగ్ పనికి ఏళ్ల తరబడి ఆడపిల్లలనే దింపారు. లేత వేళ్లయితే మొగ్గ విరగదట! తక్కువ కూలికి వస్తారు, ఎదురు చెప్పరు అన్న మాట మాత్రం పైకి అనరు. ఆర్గనైజరు దగ్గర అడ్వాన్సు తీసుకునేది తండ్రి, తీర్చేది కూతురు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, బడి వేళల తర్వాత కుటుంబ పనికి వెసులుబాటు ఇచ్చారు. కూలి చేనును కుటుంబ చేను అనడానికి ఎంతసేపు?

ఈ పిల్ల పద్నాలుగేళ్లకే పది పూర్తి చేస్తే ‘సదువు అయిపోయింది’ అంటారు. పెళ్లికి చట్టం చెప్పిన వయసుకు ఇంకా నాలుగేళ్లుంటుంది. ‘తొందరగ సదువైపోతే తొందరగనే పెండ్లి మాట వస్తది గద మేడం’ అని ఒక తల్లి నాతో అంది. ఆమెను వెనకబడిన మనిషి అనేవాళ్లు ముందు ఆమె వేసిన లెక్కకు జవాబు చెప్పాలి.

అలాగని పిల్లను కట్టేసి ఉంచమనడం లేదు. వచ్చిన పాఠమే మళ్లీ మళ్లీ వల్లె వేయిస్తే ఆ విసుగే ఆమెను చేనుకు పంపుతుంది. తరగతి దాటించడం చదువుకు మేలే చేస్తుందని 2004లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం నివేదిక వాదించింది. నిజానికి సాక్ష్యం కోసం అంత దూరం పోనక్కర్లేదు. ఎం.వి. ఫౌండేషన్ క్యాంపుల్లో, మహిళా సమత శిక్షణ కేంద్రాల్లో, పనులు మాని వచ్చిన ఆడపిల్లలు కొన్నేళ్ల పాఠాలు కొద్ది నెలల్లో ముగించారు. బడి ముఖం చూడని పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షను కూడా చెబుతోంది. తరగతులు దూకిన ఆ పిల్లలను ఎవరూ ప్రతిభావంతులు అనలేదు. డ్రాపవుట్లు అన్నారు.

కాబట్టి ఆ మూడో తరగతి పిల్లను లెక్కల పీరియడుకు ఐదో తరగతిలో కూర్చోబెట్టండి. ఒకే గదిలో రెండు మూడు తరగతులు నడిచే బడిలో అందుకు పైసా ఖర్చు లేదు. పూర్తిగా దాటించాలని పంతులు పట్టుబడితే, ఇంటరు దాకా సీటూ హాస్టలూ ఎక్కడ చూపిస్తారని బడి కమిటీలో మన సంఘం ఆడవాళ్లు అడగాలి. కస్తూర్బా విద్యాలయాలు 2004లో ఎనిమిదో తరగతి దాకానే మొదలయ్యాయి. పన్నెండు దాకా పెంచుకునే వీలు 2018లో గానీ రాలేదు. ఆ సీటు చూపించాకే తల్లి సంతకం.