ఎన్నికల చట్టం ఆడపిల్లకెందుకు అనకండి

మా మరిది కూతురు లా చదువుతోంది. కాలేజీ లీగల్ క్లినిక్‌లో ఏదో ఒక విషయం ఎంచుకోమంటే ఎన్నికల చట్టం తీసుకుంటానంది. ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "ఆస్తి తగాదాలో, విడాకుల కేసులో నేర్చుకుంటే రేపు నాలుగు రాళ్లు వస్తాయి. ఎన్నికలంటే రాజకీయం. ఆడపిల్లకెందుకమ్మా?"

నేను మాత్రం తీసుకోమనే అన్నాను. ఎందుకో చెబుతాను.

క్లినిక్ అంటే మందులిచ్చేది కాదు. లా విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో, డబ్బు తీసుకోకుండా మామూలు జనానికి చట్టపరంగా సాయం చేసే చోటు. ప్రతి లా కాలేజీలోనూ న్యాయ సహాయ క్లినిక్ ఉండాలని బార్ కౌన్సిల్ 2008 నియమాల్లోనే ఉంది. అమెరికాలో హార్వర్డ్ వాళ్లు 2021లో ఎన్నికల చట్టానికే విడిగా ఒక క్లినిక్ పెట్టారు. మనకీ దగ్గర్లోనే, సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఇలాంటి చోట్ల చదివే పిల్లలు ఓటు సంగతి కూడా పట్టించుకోవాలని నా కోరిక.

ఎందుకంటే ఓటు చిక్కులు ఎక్కువగా ఆడవాళ్లకే. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలప్పుడు చాలామంది ఆడవాళ్లు సొంత పేరు చెప్పకుండా ఫలానా వారి భార్యననో, ఫలానా వాడి తల్లిననో రాయించుకున్నారు. పేరు లేకుండా ఓటేమిటని దాదాపు 28 లక్షల మందిని జాబితాలోంచి తీసేశారు. ఇప్పుడు మనందరికీ పేర్లున్నాయి. కానీ పెళ్లయితే ఊరు మారుతుంది, ఇంటిపేరు మారుతుంది. కన్నవారింట్లో "ఇక్కడ లేదు" అని పేరు కొట్టేస్తారు. అత్తవారింట్లో చేర్పించడం ఎవరికీ గుర్తుండదు. మన వీధుల్లో ఎంతమంది కోడళ్లు రెండు చోట్లా ఓటు లేకుండా ఉన్నారో ఒకసారి లెక్క చూడండి.

పనుల కోసం వలస వెళ్లేవాళ్లదీ ఇదే కథ. ఆరు నెలలు హైదరాబాదులో కూలికెళ్లి వచ్చేసరికి పేరు ఉండదు. నిజానికి 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం కొన్నాళ్లు ఊళ్లో లేనంత మాత్రాన ఆ ఊరివాళ్లు కాకుండా పోరు. ఊరు విడిచి వెళ్లిపోయారని పేరు తీసేయాలంటే ముందుగా వాళ్లు చెప్పేది వినాలి. తీసేశాక పదిహేను రోజుల్లోగా జిల్లా కలెక్టరుకి అప్పీలు చేసుకోవచ్చు. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు? తెలియకపోతే హక్కు ఉండీ లేనట్టే.

"బీఎల్‌వో ఉన్నారు, యాప్ ఉంది, ఇంకేం కావాలి?" అంటారు. ఫారం తీసుకోవడానికి వాళ్లు సరిపోతారు. ఆ ఫారం తిరస్కరిస్తే ఎందుకు తిరస్కరించారో, తర్వాత ఏం చేయాలో చెప్పేదెవరు? ఊళ్లలో ఇప్పుడా పని చేసేది పార్టీల వాళ్లే. తమకు ఓటేస్తారనుకున్న ఇళ్లవాళ్ల పేర్లు చేర్పిస్తారు, వేయరనుకున్న ఇళ్లను చూసీ చూడనట్టు వదిలేస్తారు. చేర్పించినవాడు పోలింగ్ రోజున "నీ పేరు మేమే రాయించాం" అని గుర్తు చేయకుండా ఉండడు. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో పేర్లు తొలగించమంటూ ఫారం 7లు లక్షల్లో వచ్చిపడటం, పోలీసు కేసులు పెట్టడం మర్చిపోలేదు కదా. ఎవరి జెండా పట్టుకోని విద్యార్థి సాయం విలువ అక్కడే తెలుస్తుంది.

ఇది రాజకీయం కాదు. రేషన్ కార్డులో పేరుందా లేదా అని చూసుకోవడం రాజకీయమా? ఇదీ అంతే. పిల్ల భద్రత గురించి తల్లిదండ్రుల భయం నాకూ అర్థమవుతుంది. అందుకే అధ్యాపకులు వెంట ఉండాలి, ఏ పార్టీ ఆఫీసు గడపా తొక్కకూడదు, ఎన్నికల వేడి లేనప్పుడే ఊళ్లకు రావాలి. ఈ మూడూ కాలేజీవాళ్లు చూసుకుంటే భయపడాల్సిందేమీ లేదు.

ఇక మనవంతు. కొత్త ఓటుకి ఫారం 6, చిరునామా మార్పుకీ తప్పుల సవరణకీ ఫారం 8. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లను చేర్చుకోవడానికి ఒకప్పుడు జనవరి 1 ఒక్కటే లెక్క, ఇప్పుడు ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీలు కూడా ఉన్నాయి. పోలింగ్ రోజున మీ పేరు మీద ఇంకెవరో వేసేశారని తెలిస్తే ఏడుస్తూ వెనక్కి రాకండి. "టెండర్డ్ ఓటు" ఇమ్మని ప్రిసైడింగ్ అధికారిని అడగండి. మీరెవరో రుజువు చేసుకుంటే కాగితం బ్యాలెట్ ఇస్తారు.

మన ఎస్.కోట జిల్లా విజయనగరం, పార్లమెంటు సీటు మాత్రం విశాఖపట్నం. ఇలాంటి తికమకల మధ్య మన పేరు ఎక్కడుందో మనమే వెతుక్కోవాలి. ఈ వారం మీ ఇంట్లో ఆడవాళ్లందరి పేర్లూ జాబితాలో ఉన్నాయేమో చూడండి. ముందు కొత్త కోడలిది చూడండి.