పడవ వేరు, సీలు వేరు

వంతెన రాకముందు సిరోంచ నుంచి కాళేశ్వరం పోవాలంటే గోదావరి మీద పడవే దిక్కు. సీలు వేసిన కవరులో ఏముందో పడవవాడికి తెలియదు. కంప్యూటర్ల రహస్య సంభాషణలోనూ ఇలాంటి ఏర్పాటుంది. ఓపెన్ఎస్ఎస్ఎల్‌ను ‘మెమరీ బయో’తో వాడితే అది సీలు మాత్రమే వేస్తుంది. మోసుకుపోవడం మన పూచీ. 2015లో పైథాన్ 3.5కూ ఆ వసతి వచ్చింది.

మొన్న మా అబ్బాయి ప్రోగ్రాం కదలక నిలిచిపోయింది. “తప్పెక్కడో దొరకట్లేదు బాపూ” అన్నాడు.

“అవుట్‌వర్డ్ ట్రే చూశావురా?” అన్నాను. సీలు పడిన చివరి ముక్క మెమరీలోనే ఉంది! అవతలి యంత్రం దానికోసం, ఇవతలిది జవాబుకోసం కాచుకున్నాయి.

నాకెలా తట్టిందంటారా? ఒకప్పుడు నేను సంతకం చేసిన పింఛను కాగితం ట్రేలోనే ఉండిపోయి, ఒక ముసలమ్మ మూడుసార్లు తిరిగింది. సంతకంతో పని అయిపోదండీ, టపా బయలుదేరాలి.