ఏఎన్ఎం చదివిన ఏళ్లు దండగేనా?

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో పిల్ల నర్సింగ్ చదువుతానంటే చాలు, ఇంట్లో సలహాలకి కొదవుండదు. ముందుగా గొంతు విప్పేది మేనమామ. "చదివిస్తే బీఎస్సీ నర్సింగే చదివించు బావా. రెండేళ్లు ఏఎన్ఎం, మూడేళ్లు జీఎన్ఎం అంటూ కాళ్లరిగేలా తిరిగి, ఆఖరికి మళ్లీ ఆ డిగ్రీయే చెయ్యాలిగా! ఏళ్లు దండగ." బావగారు తల ఊపుతాడు. కాఫీలు వస్తాయి. పిల్లని మాత్రం ఎవరూ అడగరు.

ఈ అభిప్రాయం మేనమామలతో ఆగిపోలేదు. సీట్లు ఇప్పించే కన్సల్టెన్సీల వాళ్లు ఇదే పాట పాడతారు. నర్సింగ్ పాఠాలు చెప్పేవాళ్లలోనూ చాలామందిది ఇదే మాట. జీఎన్ఎంని దశలవారీగా ఎత్తేసి డిగ్రీనే ఏకైక ప్రవేశద్వారం చేద్దామన్న ఆలోచన భారత నర్సింగ్ కౌన్సిల్ దాకా వెళ్లింది. మెట్టు మెట్టుగా ఎక్కి వచ్చిన నర్సు అంటే నేరుగా ఎక్కలేక మిగిలిపోయిన మనిషి అన్నది వీళ్లందరి మనసులో మాట.

కూడికలు వేస్తే మేనమామదే గెలుపులా ఉంటుంది. ఏఎన్ఎం (ఆక్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్) 2 ఏళ్లు, జీఎన్ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ) 3, పోస్ట్ బేసిక్ బీఎస్సీ 2, వెరసి 7. నేరుగా చదివితే 4. కానీ ఆ నాలుగేళ్ల తలుపు అందరికీ తెరిచే ఉందన్నట్టు వేసిన లెక్క ఇది. బీఎస్సీ నర్సింగ్‌లో చేరాలంటే ఇంటర్లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు ఉండాలి. ఊరి జూనియర్ కాలేజీలో బైపీసీ లేదనో, అక్క చదివిన పుస్తకాలు ఇంట్లో ఉన్నాయనో పదిహేనో ఏట సీఈసీలో చేరిన పిల్ల సంగతేమిటి? ఆమెకి ఏఎన్ఎం, జీఎన్ఎం రెండూ దొరుకుతాయి. జీఎన్ఎం పాసై రిజిస్టర్ అయితే పోస్ట్ బేసిక్ దొరుకుతుంది. అక్కణ్నుంచి ఎమ్మెస్సీ నర్సింగ్‌కీ వెళ్లవచ్చు. ఎప్పుడో పదో తరగతి సెలవుల్లో జరిగిన పొరపాటును దిద్దుకునేందుకు ఆమెకి ఉన్న దాదాపు ఒకే ఒక దారి ఈ మెట్లదారి. దాన్ని దండగ అనడం తేలిక, ఎందుకంటే అనేవాళ్లకి దాని అవసరం పడలేదు.

మరో సంగతి కూడా ఈ లెక్కలో కనపడదు. బీఎస్సీ మూడో ఏట తండ్రి మంచాన పడ్డాడనుకోండి, లేదా పెళ్లి చేసేశారనుకోండి, చదువు ఆగిన పిల్ల చేతిలో మిగిలేది ఇంటర్ మార్కుల మెమో. మెట్లదారిలో ఎక్కడ ఆగినా చేతిలో ఒక రిజిస్ట్రేషన్ ఉంటుంది, దాంతోపాటు ఒక జీతం. బ్యాంకు అప్పు ఊసెత్తితేనే ఉలిక్కిపడే ఇళ్లలో ఆ జీతం తమ్ముడి ఫీజు అవుతుంది. తర్వాతి మెట్టుకి పెట్టుబడి కూడా అదే అవుతుంది.

అసలు ఆ దండగ ఏళ్లలో నేర్చుకునేదేమిటో చూడాలంటే బుధవారమో శనివారమో ఏదైనా ఊరి అంగన్‌వాడీ దగ్గరికి వెళ్లాలి. ఆ రెండు రోజులూ టీకాల రోజులు. పొద్దున్నే ఏఎన్ఎం టీకాల బాక్సు సర్దుకుంటుంది. ఫ్రీజర్లోంచి తీసిన ఐస్ ప్యాకులు తిన్నగా బాక్సులో పెట్టకూడదు. కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినబడాలి. అప్పుడే పెట్టాలి. లేకపోతే పెంటావాలెంట్ లాంటి టీకాలు గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. గడ్డకట్టాయేమోనని అనుమానమొస్తే సీసా ఊపి, తెలుపు అడుక్కి ఎంత వేగంగా దిగుతోందో చూసి తేల్చుకోవాలి. బీసీజీ కలిపాక నాలుగు గంటల్లో వాడాలి, మిగిలితే పారబోయాలి. ఆ బీసీజీ సూది పడాల్సింది కండలో కాదు, చర్మం పొరల మధ్య. పడాల్సిన చోట పడితే ఎడమ భుజం మీద కందిగింజంత బొబ్బ లేస్తుంది. గుక్కపట్టి ఏడుస్తూ గింజుకుంటున్న పసిబిడ్డ భుజం మీద ఆ బొబ్బ సరిగ్గా లేపగలిగిన చెయ్యి ఒక్క రోజులో తయారు కాదు.

టీకాలు అయ్యాక గర్భిణుల వంతు. చివరి నెలసరి ఎప్పుడని అడిగితే తేదీ చెప్పేవాళ్లు తక్కువ. "మా అత్తోళ్ల ఊరి జాతరకి ముందమ్మా, అమావాస్య దాటినాక" అంటారు. జాతర ఎప్పుడో ఆశా కార్యకర్త చెబుతుంది, అమావాస్య కోసం గోడమీది క్యాలెండర్ తిరగేస్తుంది, తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపి ప్రసవం తేదీ రిజిస్టర్లో ఎక్కిస్తుంది ఏఎన్ఎం. ఏ ఇంటి కోడలికి రక్తం తక్కువ, ఎవరికి తొలికాన్పులో బీపీ పెరిగింది, 108కి ముందే చెప్పి ఉంచాల్సింది ఎవరి కోసం, ఇవన్నీ ఆమె నోటి మీదుంటాయి. లిటిల్ అండమాన్ దీవిలో ఓంగీ తెగవారి మధ్య ఏఎన్ఎంగా ఏళ్ల తరబడి పనిచేసిన శాంతి థెరెసా లక్రాకి 2011లో పద్మశ్రీ వచ్చింది. ఆవిడ చదివిన ఏఎన్ఎం దండగని ఏ మేనమామ అయినా అనగలడా?

ఏఎన్ఎం రిజిస్టర్డ్ నర్సుతో సమానమని చెప్పడం కాదిది. సమానం కాదు. ఐసీయూ మందుల లెక్కలు, వెంటిలేటర్ మీదున్న రోగి, ఆపరేషన్ తర్వాతి మొదటి రాత్రి, వీటికి తయారు చేసే శిక్షణ వేరు. పట్నాల్లో కొన్ని నర్సింగ్ హోములు ఏఎన్ఎం పిల్లలకి తెల్లకోటు తొడిగి, సగం జీతంతో స్టాఫ్ నర్సు పని చేయించుకుంటాయి. అది రోగికీ అన్యాయం, ఆ పిల్లకీ అన్యాయం. మెట్టు ఉండాలనేదీ ఇందుకే. పైకి వెళ్లే దారి మూసుకుపోయిన చోటే ఇలాంటి దొడ్డిదారులు తెరుచుకుంటాయి.

డిగ్రీ పక్షం వాళ్ల దగ్గర ఒక గట్టి ఆయుధం ఉంది, దాన్ని దాటవేస్తే ఈ వాదన చెల్లదు. 2003లో లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల్ని, ఆపరేషన్లు చేయించుకున్న 2,32,342 మంది రోగుల రికార్డుల్ని పరిశీలించింది. ఆసుపత్రి నర్సుల్లో డిగ్రీ ఉన్నవాళ్ల వాటా 10 శాతం ఎక్కువైతే రోగి చనిపోయే అవకాశం 5 శాతం తగ్గుతోందని తేల్చింది. చిన్న విషయం కాదు. డిగ్రీ చదువు ప్రాణాలు కాపాడుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి?

కానీ ఆ లెక్కలో చూసింది నర్సు దగ్గర డిగ్రీ ఉందా లేదా అనే. పద్దెనిమిదో ఏట నేరుగా చేరి తెచ్చుకుందా, ముప్ఫయ్యో ఏట డ్యూటీలు చేసుకుంటూ తెచ్చుకుందా అని కాదు. ఆ రెండో ప్రశ్న కూడా తర్వాత ఎవరో అడిగారు. అడిగినవాళ్లలో ఐకెన్ కూడా ఉన్నారు. 2022లో 'నర్సింగ్ అవుట్‌లుక్' పత్రికలో వచ్చిన ఆ పరిశోధన, డిగ్రీ ఏ దారిన వచ్చినా రోగికి కలిగే మేలులో తేడా లేదంది. పట్టాని చూపించి మెట్లదారిని తీసిపారేసేవాళ్లు మొదటి పరిశోధన చదివి, రెండోది వచ్చేసరికి కళ్లజోడు తీసేస్తారు.

అమెరికా ముచ్చట వచ్చింది గనక అక్కడి కథ ఇంకాస్త చెప్పుకోవాలి. మన ఏఎన్ఎం లాగా అక్కడ ఎల్పీఎన్ అని ఉంటుంది, లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో ఎల్వీఎన్ అంటారు. ఏడాది, ఏడాదిన్నర చదువు. డిగ్రీ ఒక్కటే ఉండాలన్న పట్టుదల అక్కడ 1965 నాటిది. ఆ ఏడాది అమెరికన్ నర్సుల సంఘం బ్యాచిలర్ డిగ్రీయే కనీస అర్హత కావాలని తీర్మానించింది. ఆ మాటని చట్టంగా అమలు చేసిన రాష్ట్రం ఒక్కటే, నార్త్ డకోటా. 1987లో మొదలుపెట్టి 2003లో వెనక్కి తీసుకుంది. న్యూయార్క్ రాష్ట్రం 2017లో ఇంకో రకంగా ఆలోచించింది. కొత్తగా వచ్చే రిజిస్టర్డ్ నర్సులు ముందు పనిలో చేరవచ్చు, లైసెన్సు వచ్చిన పదేళ్లలోగా డిగ్రీ తెచ్చుకోవాలి అంది. డిగ్రీ మీద అంత మక్కువ ఉన్న రాష్ట్రం కూడా మెట్టు తీసెయ్యలేదు, పై మెట్టు ఎక్కమంది.

ఎల్పీఎన్ నుంచి ఆర్ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు, కావాలనుకునేవాళ్లకి అక్కడ బ్రిడ్జ్ కోర్సులుంటాయి. చదివేసిన పాఠాలు మళ్లీ చదివించరు. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీలో చాలాచోట్ల తిన్నగా రెండో ఏట చేర్చుకుంటారు. ఆ రెండేళ్లవాళ్లూ, నాలుగేళ్ల డిగ్రీవాళ్లూ చివరికి రాసేది ఒకే పరీక్ష, ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్. కాలిఫోర్నియా అయితే ఎల్వీఎన్‌కి గరిష్ఠంగా 30 యూనిట్లు చదివి ఆర్ఎన్ పరీక్షకి కూర్చునే దారి కూడా పెట్టింది. ఆ దారిన వచ్చిన లైసెన్సును వేరే రాష్ట్రాలు ఒప్పుకోకపోవచ్చు, అది దానిలో లోటు. అయినా చదివిన చదువుకి లెక్క కట్టారు.

మన దగ్గర కట్టలేదు. జబ్బంతా ఇక్కడుంది. జీఎన్ఎం చేసినవాళ్ల మూడేళ్లకి విలువుంది, కాబట్టే పోస్ట్ బేసిక్ రెండేళ్లతో అయిపోతుంది. ఏఎన్ఎం రెండేళ్లకి మాత్రం జీఎన్ఎంలో సున్నా. పదేళ్లు సబ్‌సెంటర్లో చేసి వచ్చినా మొదటి సంవత్సరంలోనే చేరాలి, మూడేళ్లూ చదవాలి. విచిత్రమేమిటంటే 2021లో బీఎస్సీ నర్సింగ్‌కి సెమిస్టర్లు, క్రెడిట్లు తెచ్చారు. క్లాసులో కూర్చున్న గంటకి క్రెడిట్ ఉంది, ఎండలో బాక్సు మోసిన పదేళ్లకి లేదు. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. ఆ చట్టం తెచ్చిన కొత్త కమిషన్ ముందు పెట్టాల్సిన మొదటి డిమాండ్ ఏఎన్ఎం ఏళ్లకి లెక్క కట్టమనే కావాలి. ఏళ్లు దండగ అవుతున్నాయంటే దండగ చేస్తున్నది నిబంధన. ఆ నింద పిల్ల నెత్తిన వేయడం ఏం న్యాయం?

సబ్‌సెంటర్లలో దీని ఫలితం కళ్ల ముందే ఉంది. 2018 నుంచి ఆయుష్మాన్ భారత్ కింద వాటిని హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చి, కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లని వేశారు. నర్సింగ్ చదివినవాళ్లకి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సుతో ఆ కొలువు దక్కింది. అదే గదిలో అదే బల్ల దగ్గర ఏళ్లుగా పనిచేస్తున్న ఏఎన్ఎంకి ఆ కొలువు అందదు. కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మకి ఊరి వీధులు చూపించే పని మాత్రం ఆమెదే.

ఇక ఉద్యోగాల మాట. డిగ్రీ లేకపోతే పనికిరాదనేవాళ్లు ప్రకటనలు చదివినట్టు లేదు. తెలంగాణలో 2022 చివర్లో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకి నోటిఫికేషన్ వచ్చినప్పుడు జీఎన్ఎం వాళ్లూ, బీఎస్సీ వాళ్లూ ఒకే పరీక్షకి అర్హులు. ఎయిమ్స్ ఆసుపత్రుల నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష, నార్సెట్, జీఎన్ఎం వాళ్లనీ రానిస్తుంది. కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలంతే. కాన్పులు చేయడంలో ప్రత్యేక నైపుణ్యం కోసం తెలంగాణ ప్రభుత్వం 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టినప్పుడూ జీఎన్ఎంకి తలుపు మూయలేదు. టీచింగ్‌కి వెళ్లాలన్నా, ఎమ్మెస్సీ చెయ్యాలన్నా డిగ్రీ కావాలి, నిజమే. పోస్ట్ బేసిక్ ఉన్నది అందుకేగా.

బైపీసీ చదివి, మంచి మార్కులుండి, ప్రభుత్వ కాలేజీలో సీటు వచ్చి, నాలుగేళ్లు ఇంటికి రూపాయి పంపకపోయినా గడిచే పిల్ల నేరుగా బీఎస్సీలో చేరడమే మేలు. ఆమెకి ఎవరూ మెట్లు ఎక్కమని చెప్పడం లేదు. ఏఎన్ఎంలో చేరేవాళ్లు మాత్రం ముందు స్కూలుకి కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో, పాసైనవాళ్లకి రాష్ట్ర కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ అయిందో లేదో పాత విద్యార్థినుల్ని అడిగి తెలుసుకోవాలి. రిజిస్ట్రేషన్ లేని సర్టిఫికెట్ పట్టుకుని తిరిగే పిల్లలు ప్రతి జిల్లాలోనూ కనిపిస్తారు. ఏళ్లు దండగ అన్న మాట నిజంగా చెల్లేది వాళ్ల విషయంలో.

ఉద్యోగంలో ఉన్న ఏఎన్ఎంలకి ఇంకో చిక్కుంది. జీఎన్ఎం పూర్తికాల కోర్సు. కాంట్రాక్టు మీద పనిచేసే ఆమె మూడేళ్లు చదువుకి వెళితే, తిరిగొచ్చేసరికి ఆ ఉద్యోగం ఉంటుందన్న హామీ లేదు. అయినా కొందరు తెగించి చేరతారు. మామూలు విద్యార్థినులకి జీఎన్ఎంలో చేరడానికి గరిష్ఠ వయసు 35 ఏళ్లు. ఏఎన్ఎంలకి ఆ పరిమితి లేదు. కౌన్సిల్ వాళ్లకి ఇచ్చిన సడలింపు అది.

అలా నలభయ్యో ఏట చేరిన ఏఎన్ఎం పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన బెంచీ మీద సర్దుకుని కూర్చుంటుంది. మొదటి ఏడాది సబ్జెక్టుల్లో కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ ఒకటి. టీకాల పట్టిక, కోల్డ్ చెయిన్ పాఠం వస్తాయి. ఐస్ ప్యాకులు ఎలా సర్దాలో ట్యూటరమ్మ బోర్డు మీద బొమ్మ గీసి చెబుతుంది. ఆమె కూడా అందరితో పాటు పెన్ను తీసి ఆ బొమ్మ నోట్సులో దింపుకుంటుంది, ఎందుకంటే ఇంటర్నల్స్‌లో దానికి మార్కులున్నాయి.