గోల్ఫు ఆట ప్రజా ప్రయోజనమట! మరి మన మూడెకరాలు?

నాగల్‌గిద్ద నుంచి ఏ సముద్రానికి పోవాలన్నా వందల కిలోమీటర్లు పోవాలె. గోల్ఫు ఆట మన వాడల్లో చూసినోళ్లు లేరు. మరి సముద్రపు ఒడ్డున డబ్బున్నోళ్ల కోసం కట్టే రిసార్టుల గురించి, గోల్ఫు మైదానాల గురించి ఈ పత్రికలో రాయడం ఎందుకని మీరు అడగొచ్చు. చెబుతున్నాం. ఆ మైదానాల కోసం భూమిని ఏ మాట చెప్పి తీసుకుంటారో తెలుసుకుంటే, రేపు మన లావుణి భూమిలోకి సర్వేయరు వచ్చిన నాడు ఏం అడగాలో మనకు తెలుస్తది.

ఆ మాట పేరు ప్రజా ప్రయోజనం. వినడానికి ఎంత మంచిగున్నది! బడికి, దవాఖానకు, చెరువుకు, రోడ్డుకు భూమి కావాలంటే కాదనేది ఎవరు? ఆ మాట చాటున ఎవరెవరు దూరుతున్నారన్నదే మా ప్రశ్న.

ముందు ఈ ఆట సంగతి చెప్పాలె. చిన్న తెల్ల బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి గుంతలో వేయాలె. అట్లాంటి గుంతలు పద్దెనిమిది. ఒక్క గుంతకూ ఇంకో గుంతకూ మధ్య వందల గజాల పచ్చగడ్డి. ఆ గడ్డి ఎండాకాలంలో కూడా పచ్చగనే ఉండాలె, అంటే నీళ్లు పారుతూనే ఉండాలె. ఊరి జనమంతా పట్టే జాగలో ఒక పూట ఆడేది కొద్దిమంది. వాళ్ల వెనక సంచి మోసేటోళ్లు, గడ్డి కోసేటోళ్లు ఎవరో మేం చెప్పాల్నా?

ఇప్పుడు హైదరాబాదుకు పోదాం. 2002-03లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దుబాయికి చెందిన ఎమ్మార్ కంపెనీతో ఒప్పందాలు చేసుకున్నది. మణికొండ, నానక్‌రాంగూడ ప్రాంతంలో 535 ఎకరాలు. అందులో గోల్ఫు మైదానానికే 235 ఎకరాలు. మిగతా జాగలో స్టార్ హోటలు, సభల కోసం పెద్ద భవనం, గోడ కట్టుకున్న విల్లాలు. భూమి తీసిచ్చింది ఏపీఐఐసీ, అంటే సర్కారు సంస్థ. కంపెనీ వచ్చి రైతులతో బేరమాడి కొనలేదు. సర్కారే భూసేకరణ చట్టం కర్ర పట్టుకొని ముందు నడిచింది.

రైతులు కోర్టుకు పోయిండ్రు. గోల్ఫు, హోటలు, విల్లాలు ప్రజా ప్రయోజనం ఎట్లయితయని అడిగిండ్రు. 2008 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ ప్రాజెక్టును ముక్కలు ముక్కలుగా చూడొద్దు, ఇదంతా కలిపి ఒకటే, మొత్తంగా చూస్తే ప్రజా ప్రయోజనమే అన్నది. భూసేకరణ నిలబడ్డది. రైతులు ఓడిపోయిండ్రు.

మూడేండ్లు తిరగకముందే అదే ప్రాజెక్టు మీద సీబీఐ విచారణకు హైకోర్టు ఆదేశమిచ్చింది. 2011లో కేసు పెట్టిండ్రు. విల్లా స్థలాలు తక్కువ ధర చూపించి అమ్మారని, సర్కారు సంస్థ వాటా తగ్గిపోయేటట్టు చేశారని సీబీఐ ఆరోపణ. కోర్టులు తేల్చేది తేలుస్తాయి. మేం అడిగేది ఒక్కటే. భూమి తీసుకున్న నాడు 'ప్రజల కోసం' అన్నరు గదా, ఆ ప్రజల్లో గోడ దాటి లోపలికి పోగలిగిందెంతమంది?

ఆ తీర్పులో ఒక మాటను మనం గట్టిగ పట్టుకోవాలె. ముక్కలుగా చూడొద్దు, మొత్తంగా చూడాలె అన్న మాట. కంపెనీ ప్రాజెక్టుకు దొరికిన ఈ న్యాయం మన ఊరికెందుకు దొరకదు? భూమి తీసుకునేటప్పుడు ఊరిని ఎన్ని ముక్కలు చేస్తరో చూడండి. పట్టాదారు ఒక ముక్క. లావుణి పట్టావాడు ఒక ముక్క. కౌలుదారు ఒక ముక్క. కైకిలికి పోయే ఆడమనిషి లెక్కలోనే లేని ముక్క. పట్టాదారుకు ఒక ధర, లావుణికి 'సర్కారు ఇచ్చిందే గదా' అని తక్కువ ధర, కౌలుకు సున్నా, కైకిలికి సున్నా. మేకలు మేసే బంచరాయిని, పీనుగను పూడ్చే జాగను లెక్కే పెట్టరు. హోటలునూ గోల్ఫునూ విడదీయడానికి వీల్లేదట! పొలాన్నీ ఆ పొలం కలుపు తీసే చేతులనూ మాత్రం విడదీయొచ్చట! ఇది కులం లెక్క కాకపోతే ఏ లెక్క?

సముద్రం దిక్కు పోయినా ఇదే కథ. విశాఖపట్నంలో రుషికొండ మీద సర్కారుదే హరిత రిసార్టు ఉండేది. దాన్ని కూల్చి, పర్యాటక రిసార్టు కడతామని చెప్పి 2021 మేలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి తెచ్చుకున్నరు. కొండను తొలిచి వందల కోట్ల ప్రజాధనంతో భవనాలు కట్టిండ్రు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారినంక తలుపులు తెరిస్తేగాని లోపల ఏ వైభోగమున్నదో జనానికి కనపడలేదు. ఒక పార్టీ కాలంలో గోల్ఫు, ఇంకో పార్టీ కాలంలో కొండ మీది మేడలు. జెండా రంగు మారుతుంది, 'ప్రజల కోసం' అనే పాట మారదు.

గోల్ఫు పుట్టిన స్కాట్లండ్ దేశంలోనూ ఇంతే. సముద్రపు ఒడ్డున ఊరి ఉమ్మడి ఇసుక నేలల్లో, గొర్రెలు మేసే చోట మొదలైన ఆట అది. ఆ దేశంలోనే ఆబర్డీన్ దగ్గర బాల్మెడీ తీరంలో డొనాల్డ్ ట్రంప్ గోల్ఫు రిసార్టు కడతానన్నాడు. 2007లో అక్కడి స్థానిక కౌన్సిల్ కమిటీ వద్దన్నది. పై ప్రభుత్వం ఫైలు గుంజుకొని 2008లో సరేనన్నది. వేల ఉద్యోగాలన్నరు. 2012లో మైదానం తెరిచిండ్రు, ఉద్యోగాలు మాత్రం చెప్పిన లెక్కకు ఆమడ దూరంలో ఆగిపోయినయి. సర్కారే ప్రత్యేక రక్షణ ఇచ్చిన ఇసుక దిబ్బలు పాడైపోయినయని 2020లో ఆ రక్షణనే తీసేసిండ్రు. తెల్లోళ్ల దేశంలోనూ కింది సభ వద్దంటే పై సభ అవునంటది. ఇక మన గ్రామసభ ఎంత?

2013లో కొత్త భూసేకరణ చట్టం వచ్చింది. దాన్ని చదవండి, చదివించుకోండి. ప్రైవేటు హోటళ్లు ప్రజా ప్రయోజనం కిందికి రావని అందులో రాసిండ్రు. మంచిదే. కాని అదే సెక్షన్‌లో కొంచెం కిందికి పోతే ఆటల ప్రాజెక్టులు, పర్యాటక ప్రాజెక్టులు ప్రజా ప్రయోజనమే అని ఉన్నది. హోటలుకు ముందు తలుపు మూసి, ఆట పేరుతో, పర్యాటకం పేరుతో దొడ్డి తలుపు తెరిచి పెట్టిండ్రు. గోల్ఫు ఆటే గదా! రిసార్టు పర్యాటకమే గదా!

అదే చట్టం పేరుపెట్టి రాసిన ఇంకొకటి నిమ్జ్. అది మనకు దూరం కాదు. మన జిల్లాలోనే, జహీరాబాదు దిక్కు న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 17 ఊర్లలో 12,600 ఎకరాలకు పైగా ఫ్యాక్టరీల కోసమని గీత గీసిండ్రు. 2015 జూలైలో 123 నంబరు జీవో తెచ్చి, చట్టాన్ని పక్కన పెట్టి పట్టా ఉన్నోళ్లతో నేరుగా కొనుగోలు మొదలుపెట్టిండ్రు. భూమి లేని కైకిలోళ్లకు పైసా లేదు. అప్పుడు ఎవరు కదిలిండ్రు? ఆ ఊర్ల కైకిలోళ్లే హైకోర్టుకు పోయిండ్రు. 2016 ఆగస్టు 3న కోర్టు ఆ జీవోను కొట్టేసింది. సర్కారు అప్పీలుకు పోయింది. కాని కూలీలకు కూడా పునరావాసం ఇస్తామని కొత్త జీవోలు తీయక తప్పలేదు. గుంట భూమి లేనోళ్లు సర్కారు మెడలు వంచిన సంగతి ఇది. దీన్ని ప్రతి వాడలో చెప్పాలె.

బీడు భూమే గదా తీసుకునేది అంటరు. జహీరాబాదు ప్రాంతంలో దళిత మహిళా సంఘాలు ఆ 'బీడు' భూముల్లోనే జొన్న, కొర్ర, కంది, పెసర కలిపి వేసి పండించి చూపినయి. ఆ పనికి 2019లో ఈక్వేటర్ బహుమతి వచ్చింది. రికార్డులో బీడు అని రాసేటోనికి ఆ చేను గట్టు మీద నిలబడే తీరిక లేదు.

'మీకు అభివృద్ధి వద్దా, మీ పోరగాళ్లు ఎప్పటికీ చెరకు కొట్టడానికి, హైదరాబాదులో ఇటుకలు మోయడానికే పోవాల్నా?' అని అడిగేటోళ్లున్నరు. ఆ ప్రశ్న మాదే, వాళ్లది కాదు. వలస బాధ పడేది మేము. మంజీర మన పక్క నుంచే పారి సింగూరులో చేరింది, అక్కడి నుంచి ఏండ్ల తరబడి పైపుల్లో హైదరాబాదు గొంతు తడిపింది. మన చేన్లకు నీళ్లిచ్చే బసవేశ్వర ఎత్తిపోతలకు శంకుస్థాపన జరగడానికే 2022 ఫిబ్రవరి దాక ఆగాల్సి వచ్చింది. ఇక భూమి సంగతి. దళిత కుటుంబానికి మూడెకరాలని 2014 ఆగస్టు 15న మొదలుపెట్టిండ్రు. తర్వాత కొనడానికి భూమి దొరకడం లేదన్నరు. లెక్క చేసి చూడండి. ఒక్క గోల్ఫు మైదానానికి దొరికిన 235 ఎకరాలను మూడెకరాల చొప్పున పంచితే 78 కుటుంబాలు బతుకుతయి. బంతి దొర్లడానికి దొరికిన భూమి మాదిగకూ మాలకూ ఎందుకు దొరకదు? వలస ఆపేది నీళ్లూ భూమీ. సంచి మోసే కొలువు కాదు.

కాబట్టి సంఘాల కార్యకర్తలు ఇప్పటి నుంచే చేయవలసిన పనులున్నయి.

ఒకటి. లావుణి పట్టా కాయితాలు, పాసుబుక్కులు, పాత పహాణీ నకళ్లు ప్రతి ఇంటివీ జమ చేసి జాగ్రత్త పెట్టాలె. 1977 చట్టం ప్రకారం లావుణి భూమి అమ్మకం చెల్లదు. మోతుబరి చేతికి తెల్లకాగితం ఇవ్వొద్దు.

రెండు. లావుణి భూమికి తక్కువ ధర అంటే ఒప్పుకోవద్దు. చేవెళ్ల భూముల కేసులో 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం లావుణిదారుకూ పట్టాదారుతో సమానంగా మార్కెట్ ధర కట్టాలని చెప్పింది.

మూడు. కౌలుదార్ల, కైకిలోళ్ల పేర్ల జాబితా మనమే రాసుకోవాలె. భూసేకరణకు ముందు మూడేండ్లు ఆ భూమి మీద పని చేసి బతికినోళ్లు కూడా బాధిత కుటుంబమే అని 2013 చట్టం అంటది. పాసుబుక్కులో సాగుదారు గడి తీసేసిండ్రు గనుక మన జాబితాయే మన సాక్ష్యం.

నాలుగు. భూమి పోయిన దళిత కుటుంబానికి భూమికి భూమి, పోయినంత గాని రెండున్నర ఎకరాలు గాని, ఏది తక్కువైతే అది ఇవ్వాలని అదే చట్టం రెండో షెడ్యూలులో ఉన్నది. పైసలు తీసుకొమ్మంటే ముందు ఆ షెడ్యూలు చూపమని అడగాలె. 2017లో రాష్ట్ర ప్రభుత్వం సవరణ తెచ్చి కొన్ని ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా లేకుండా చేసింది. ఆ సవరణను రద్దు చేయాలని మన డిమాండు.

ఐదు. గ్రామసభకు డప్పు కొట్టి పిలిచేది మనం, సభలో వెనక నిలబడేదీ మనం. ఇక ముందు కూర్చోవాలె. తీర్మానం చదివి వినిపించనిదే వేలిముద్ర పడొద్దు, ఖాళీ రిజిస్టరు మీద సంతకం పెట్టొద్దు.

మేము రోడ్డుకు అడ్డం కాదు, బడికి అడ్డం కాదు. ప్రజా ప్రయోజనం అని ఎవరన్నా మన పొలం గట్టు ఎక్కితే ఆ ప్రజల్లో మా వాడ ఉన్నదా లేదా అని అడుగుతం. ఉన్నదంటే ఎంత భూమి, ఎన్ని నీళ్లు, ఎవరి పేరు మీదనో కాయితం మీద చూపాలె. చూపలేకపోతే అది వాళ్ల ప్రయోజనం, మన భూమి. ఊరిని ముక్కలు కానియ్యకుండ పట్టాదారు, లావుణిదారు, కౌలుదారు, కైకిలి మనిషి ఒక్క జాబితాలో, ఒక్క తీర్మానంలో నిలబడాలె.

జై భీమ్!