గుట్ట పచ్చబడితే, ఆ పచ్చ ఎవరిది?

వాతావరణం మారిపోతోందని, కొండ ప్రాంతాలకు ముప్పు వచ్చిందని, యువత ముందుకొచ్చి పచ్చదనం పెంచాలని ఈ మధ్య ప్రతి సభలోనూ వింటున్నాం. చెప్పేవాళ్లు హిమాలయాల మంచు గురించి చెబుతారు, చివర్లో ఒక మొక్క నాటి, ఫొటో తీయించుకుని కారెక్కుతారు. 1950లో వనమహోత్సవం మొదలైన నాటి నుంచీ ఇదే తంతు. ఒక్కొక్క గుంతలో ఎన్నిసార్లు మొక్క నాటారో ఆ గుంతకే తెలియాలి.

పామిడి యువకుడికి హిమాలయం లేదు. ఆయనకున్నది రాతి గుట్ట. గుత్తి కోట గుట్టలు, తూర్పున ముచ్చుకోట కొండలు, వాటి మధ్య ఎర్ర నేల, ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక తప్ప నీళ్లు కనిపించని పెన్న. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని అవతలే ఆపేస్తాయి. తూర్పు తీరం దూరం కావడంతో ఈశాన్య రుతుపవనం ఇక్కడికి చేరేసరికి నీరసించిపోతుంది. ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేరు తర్వాత తక్కువ వాన పడే జిల్లాగా అనంతపురాన్నే చెప్పుకుంటారు. ఈ కరువు ఇవాళ్టిది కాదు. కొత్తగా వచ్చిందేమిటంటే, ఆ కాస్త వాన కూడా పద్ధతిగా పడటం లేదు. అదును దాటిపోయినా చినుకు రాలదు, కురిస్తే ఊళ్లు మునిగేట్టు కురుస్తుంది. 2018లో ఎండింది. 2021 నవంబరులో చిత్రావతి పొంగి, నీటి మధ్య చిక్కుకున్నవాళ్లను హెలికాప్టరుతో తీసుకురావలసి వచ్చింది. 2022 అక్టోబరులో అనంతపురం పట్టణంలోని కాలనీల్లోకే వంక వచ్చింది. మరుసటి ఏడు, 2023 ఖరీఫులో, మళ్లీ కరువు మండలాల జాబితా. వరదా మనకే, కరువూ మనకే!

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. కూలి పనికి పోయే ప్రతి ఒక్కరికీ ఈ లెక్క తెలియాలి. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు నాలుగు వేల లీటర్ల నీళ్లు. గట్టి వాన ఒక్కటి, 50 మిల్లీమీటర్లు కురిసిందనుకోండి, ఎకరానికి రెండు లక్షల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లయితే నలభై. నూరెకరాల గుట్ట మీద నాలుగు వేల ట్యాంకర్లు! ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టి కొట్లాడుకునే ఊళ్ల మీద, వానాకాలంలో ఇన్ని నీళ్లు పడి, గుట్ట బోడిగా ఉన్నందువల్ల, పైమట్టిని కూడా ఈడ్చుకుని గంటలో వంకలో కలిసిపోతున్నాయి. ఆ మట్టి చెరువులో పూడిక అవుతుంది. నీళ్లు మనవి కావు, మట్టీ మనది కాదు.

గుట్ట మీద కసువుంటే, పొదలుంటే, అడ్డంగా కందకాలుంటే ఆ నీళ్లలో కొంత భాగం అక్కడే ఇంకుతుంది. కింది బావికి, బోరుకు వస్తుంది. పని పైనుంచి కిందికి రావాలని, అంటే ముందు గుట్ట నెత్తిన కందకాలు, తర్వాత వాలులో రాతి కట్టలు, ఆ తర్వాత వంకలో అడ్డుకట్ట అని, వాటర్‌షెడ్ పథకాలకు 1994లో హనుమంతరావు కమిటీ దారి చూపింది. జరిగింది చాలాచోట్ల తలకిందులు. సిమెంటు పని ఉన్నచోట కాంట్రాక్టరుకు మిగులుతుంది కాబట్టి ముందు వంకలో చెక్‌డ్యాం లేచింది. గుట్ట బోడిగానే మిగిలింది. మూడేళ్లకు చెక్‌డ్యాం ఇసుకతో నిండింది.

మరి ఈ పని చేయాల్సిన యువకుడు యాడ ఉండాడు? బెంగుళూరులో ఉండాడు. కట్టడం పనిలోనో, కాపలా పనిలోనో. మిగిలినవాళ్లలో కొందరు పామిడిలో బట్టల దుకాణాల్లో, కుట్టు పనిలో ఉన్నారు. ఒకప్పుడు ఉమ్మడి జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లకు పైగా బుడ్డలే వేశారు. కొర్ర, అరిక, జొన్న పోయి ఆ పంటే మిగిలింది. ఒక్క పంట మీద మొత్తం బతుకును పందెం కట్టించిన విధానమది. బుడ్డలు ఎండితే రైతు బోరు వేశాడు, బోరు ఎండితే అప్పు మిగిలింది. రైతుకే దిక్కులేనప్పుడు కూలికి పని ఎక్కడిది? "చదువుకున్నోడు ఊర్లో ఉంటే ఎందుకూ పనికిరానోడని పిల్లనియ్యరు" అని తల్లులు అంటుంటారు. యువతకు చైతన్యం లేదని ఉపన్యాసాలు దంచేవాళ్లు ఈ మాటకు ముందు జవాబు చెప్పాలి. చైతన్యానికేం కొరత లేదు, కొరతంతా కూలికే.

చేసి చూపించిన చోటు మన పక్కనే ఉంది. చెన్నేకొత్తపల్లి వైపు టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ 1990లో మొదలైంది. అది చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో కలిసి, ఒక్క గడ్డిపోచ కూడా మిగలని బంజరు గుట్టలను కాపాడటం మొదలుపెట్టింది. ముష్టికోవెల ఊరితో మొదలై, ఊరు తర్వాత ఊరు చేరి, ఏడు వేల ఎకరాలకు పైగా విస్తరించిన ఆ ప్రాంతానికి కల్పవల్లి అని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అక్కడ జరిగింది మొక్కలు నాటే పండుగ కాదని గమనించాలి. ముఖ్యంగా చేసింది రెండే పనులు. ఎండాకాలం ముందే నిప్పు గీతలు గీసి మంటలు పాకకుండా చూడటం ఒకటి. ఊరివాళ్లనే కాపలాకు పెట్టి, మోడులను చిగురించనివ్వడం రెండోది. రాతి సందుల్లో వేర్లు బతికే ఉంటాయి, వాటిని నరక్కుండా, కాల్చకుండా వదిలితే చాలు. విత్తనాలూ చల్లారు, మొక్కలూ పెట్టారు, కానీ గుట్టను నిలబెట్టింది కాపలానే. కప్పుకు బోద గడ్డి వచ్చింది, బుట్టలకు ఈత వచ్చింది, గొర్లకు మేపు వచ్చింది. తోడేలు, ఎలుగుబంటి మళ్లీ తిరిగాయి. దాన్ని చూసుకోవడానికి ఊళ్ల కమిటీలు కలిసి సహకార సంఘంగా ఏర్పడ్డాయి.

గొర్ల కాపరిని శత్రువుగా చూడటం అటవీ శాఖకు అలవాటు. ఆ అలవాటు మన యువజన సంఘాల్లో కొందరికి కూడా అంటింది. కాపరి లేకుండా గుట్ట నిలవదు. ఏ ఏడు ఏ వాలు వదలాలి, ఏ వాలు మేపాలి అనేది ఆయనతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. ఆయన్ని తరిమేస్తే అగ్గిపుల్ల గీసేవాడు ఎవడో తెలుసుకోవడం కూడా కష్టమే.

ఇంత కష్టపడి పెంచిన గుట్టకు ఆ తర్వాత ఏమైంది? 2010 తర్వాత రెండు మూడేళ్లలోనే కల్పవల్లి గుట్టల నెత్తి మీద గాలిమరలు లేచాయి. మర నిలబెట్టడానికి భారీ యంత్రాలు పైకి రావాలి. వాటికి వెడల్పు రోడ్లు కావాలి. అందుకోసం వాలులు కోశారు, మట్టిని వంకల్లోకి తోశారు. ఊళ్లు అభ్యంతరం చెప్పాయి, వివాదం హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. వాతావరణాన్ని కాపాడే కరెంటు కోసం, వాతావరణాన్ని కాపాడుతున్న అడవిని కోశారన్నమాట! చట్టం ఏం చేస్తోందని అడగవచ్చు. ఆ గుట్ట రెవెన్యూ పుస్తకంలో అడవి కాదు. అది బంజరు, పోరంబోకు. ఇరవై ఏళ్లుగా వేలమంది చేతులు పెంచిన పచ్చదనం అడంగల్లో ఒక్క అక్షరాన్ని కూడా మార్చలేకపోయింది. పైగా 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో గాలిమరల ప్రాజెక్టులు లేవు, అంటే ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టాల్సిన అవసరమే లేదు. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వీటిని కాలుష్యం లేని 'తెల్ల' వర్గంలో చేర్చింది. పొగ లేనిమాట నిజమే. కానీ గుట్టను కోస్తే దిగే మట్టిని కొలిచే వర్గం ఏదీ లేదు.

గాలి కరెంటు వద్దనేవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు. బొగ్గు కాలుస్తూ పోతే ముందుగా మాడేది ఎండలో కలుపు తీసే మన ఆడకూతుళ్లే. రామగిరిలో 1990ల నుంచే గాలిమరలున్నాయి. ఉరవకొండ, బెళుగుప్ప, వజ్రకరూరు వైపు చూస్తే చేలల్లో మరలే మరలు. ఎన్.పి. కుంటలో, తాడిపత్రి దగ్గర తలారిచెరువులో సోలారు పార్కులున్నాయి. 2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం కొత్త స్వచ్ఛ ఇంధన విధానం కూడా ప్రకటించింది కాబట్టి ఇంకా వస్తాయి. తగవంతా ఏ నేల మీద, ఎవర్ని అడిగి, ఎవరికి ఏం మిగిల్చి అన్నచోటే. పార్కు కట్టేన్నాళ్లు కూలి దొరుకుతుంది. కట్టాక పలకలు కడిగేవాళ్లు, గేటు దగ్గర కాపలావాళ్లు, అంతే. పట్టాదారుకు కౌలు వస్తుంది. ఆ చేలో కలుపు తీసిన కూలికి, ఆ బీడులో గొర్లు మేపినవానికి పరిహారం రాసే కాలం ఏ కాగితంలోనూ లేదు. పేదలకిచ్చిన డి.కె.టి. భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. 2023లో దానికి సవరణ తెచ్చి, ఇరవై ఏళ్లు దాటిన వ్యవసాయ భూములకు దారి తెరిచారు. కంపెనీ ఏజంటు మోటారు సైకిలు ఊళ్లోకి వచ్చేసరికి, ఆ సవరణ ఏమిటో తెలిసిన యువకుడు ఒక్కడైనా ఆ ఊళ్లో ఉండాలి.

ఈ అనుభవం మనదొక్కటే కాదు. 1973లో ఉత్తరాఖండ్ కొండల్లో చిప్కో ఉద్యమం పుట్టింది. చెట్టును కౌగిలించుకున్నారన్న మాటే లోకానికి గుర్తుంది. తగవు మొదలైందెక్కడ? సేద్యపు పనిముట్లకు ఊరివాళ్లు చెట్లడిగితే ఇవ్వని అటవీ శాఖ, ఆటవస్తువుల కంపెనీకి ఇచ్చింది. అక్కడ మొదలైంది. అటు ఆఫ్రికాలో, నైజర్ దేశంలో, 1980ల నడిమి నుంచి పేద రైతులు చేలల్లో మోడులను చిగురించనిచ్చి సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు నిలబెట్టారు. మన కల్పవల్లి పద్ధతే. అంతకుముందు చెట్టు సర్కారుదని చట్టం చెప్పేది, అందుకని చిగురు కనిపిస్తే రైతే పీకేసేవాడు. చెట్టు తనదన్న నమ్మకం కలిగాక కాపాడుకున్నాడు.

ఇక కూలి మాట. ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఎన్ని లోపాలున్నా, గుట్ట మీద కందకం తవ్వినవానికి డబ్బులిచ్చిన చట్టం అదొక్కటే. 2025-26లో మన రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలు. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం చేసింది. నూరు రోజుల బదులు 125 రోజులు అని పైకి చెబుతారు. లోపల చూస్తే, ఇదివరకు కూలి డబ్బు మొత్తం కేంద్రం భరించేది, కొత్త చట్టంలో ఖర్చులో 40 శాతం రాష్ట్రాల మీద పడింది. ఏ రాష్ట్రానికి ఎంతన్నది కేంద్రమే ముందు నిర్ణయిస్తుంది. సేద్యం పనులు జోరుగా ఉండే కాలంలో మొత్తం 60 రోజులు పనులు ఆపవచ్చు. కోస్తాలో నాట్లు, కోతలు ఉంటాయి కాబట్టి అక్కడ ఏదో సాకు చెప్పవచ్చు. వాన రాని ఖరీఫులో పామిడి కూలికి జోరుగా ఉండే కాలం ఏది? పని ఆపిన రోజునే చేనూ ఎండి ఉంటే ఆ ఇల్లు బెంగుళూరు బస్సెక్కుతుంది.

అయినా ఆ చట్టంలోనే మనం పట్టుకోదగ్గ కొస ఒకటుంది. చేయదగిన పనులను నాలుగు తరగతులు చేసి, అందులో నీటి భద్రతను, విపరీత వాతావరణాన్ని తట్టుకునే పనులను చేర్చారు. మన గుట్ట ఈ రెంటికీ సరిపోతుంది. అయితే కందకం తవ్వడమే పనిగా లెక్కపెట్టి, ఆ తర్వాత మూడు నాలుగేళ్లు కాపలా కాయడం పని కాదంటే కల్పవల్లి పాఠం మరిచినట్టే. నిప్పు గీత గీసేవాడికి, మోడు కాపాడేవాడికి, కందకం పూడిక తీసేవాడికి ఏడాది పొడవునా కూలి రాయాలి. పది చదివి ఊళ్లో ఉన్న పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, కొలతలు తీసే పని, మస్టరు రాసే పని నేర్పితే మేస్త్రీల దొంగ లెక్కలూ తగ్గుతాయి.

ప్రకృతి సేద్యం వైపు కూడా ఒక పని జరుగుతోంది. రాష్ట్రంలో 2016 నుంచి నడుస్తున్న ఆ కార్యక్రమంలో, వానకు ముందే పొడి నేలలో రకరకాల విత్తనాలు కలిపి చల్లే పద్ధతి 2018లో మొదలైంది, అనంతపురం మెట్టలో రైతులు దాన్ని వేసి చూశారు. 2024లో ఆ కార్యక్రమానికి గుల్బెంకియన్ బహుమతి కూడా దక్కింది. మంచిదే. కాకపోతే సొంత చేను లేని కూలికి ఆ పద్ధతితో పెద్దగా ఒరిగేదేమీ లేదు, ఆయనకు మిగిలిన నేల గుట్ట ఒక్కటే.

కాబట్టి యువజన, రైతుకూలీ సంఘాలు మొక్కల లారీ కోసం ఎదురు చూడకుండా, ముందు తహసీలుదారు కార్యాలయానికి పోవాలి. తమ ఊరి గుట్ట, వంక, మేతబీడు ఏ సర్వే నంబరులో, ఏ పేరుతో ఉన్నాయో నకలు తెచ్చుకోవాలి. ఊరి ఉమ్మడి భూములను అన్యాక్రాంతం నుంచి విడిపించి తిరిగి ఊరికే అప్పగించాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ తీర్పు నకలును దరఖాస్తుకు జత చేయాలి. అటవీ శాఖ కింద ఉన్న గుట్టయితే 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కు దొరుకుతుందేమో చూడాలి. రాతపూర్వకంగా హక్కు తేలక ముందే నాటిన మొక్క, కంపెనీ రోడ్డుకు నాటిన మొక్కే అవుతుంది.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి పనులు ఆమోదించారు. ఆ రోజు మన పంచాయతీలో సిమెంటు రోడ్లకు ఎంత రాశారు, గుట్ట మీది కందకాలకు ఎంత రాశారు? తీర్మానాల పుస్తకం పంచాయతీ కార్యాలయంలో ఉండాలి. అడిగితే చూపించాలి.