ప్రణాళి, భ్రమము, మురుగుకాలువ: ఒక పదవిచారము

నేడు 'ప్రణాళిక' అనగానే పంచవర్ష ప్రణాళికలు స్ఫురించును. సంస్కృతమున ప్రణాళీ శబ్దమునకు నీరు పోవు దారి యని యర్థము. అమరసింహుడు వారివర్గమున నట్లే చెప్పెను. ఆ వర్గముననే జలనిర్గమమునకు 'భ్రమము' అను పేరును గలదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున, గృహవాస్తు విషయమున, ఈ శబ్దమునే వాడెను. వీధిలో బురదనీరు నిలువజేసినవానికి పావు పణము దండువు విధించి, ఆ దోషమును 'పంకోదకసన్నిరోధము' అనెను. దోషమునకు స్పష్టమైన పేరుండుటచేతనే దండమును స్పష్టమయ్యెను.

మన వ్యవహారమున నట్టి స్పష్టత లేదు. వాననీటిని చెరువునకో యేటికో చేర్చునదియు, మరుగుదొడ్ల మలినమును శుద్ధికేంద్రమునకు గొనిపోవు భూగర్భనాళమును, రెండును మనకు 'డ్రైనేజీ'యే. తెలుగున జెప్పినచో రెండును 'మురుగుకాలువ'యే. పేరు కలిసినచోట నీరును గలియుచున్నది. ఇంటి మలినమును వానకాలువలోనికి విడిచినచో చెరువు చెడును. మిద్దెపై వాననీటిని భూగర్భనాళములోనికి మళ్లించినచో అది పొంగి వీధిన బడును.

ఇంతకంటె ఘోరమైనది వేరొకటి కలదు. మూసియున్న నాళమున మలినము కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడు పుట్టును. అది కొలదిగా నున్నపుడు కుళ్లిన గ్రుడ్ల కంపు కొట్టును; హెచ్చినపుడు ఘ్రాణశక్తినే హరించును. కంపు లేదు గదా యని దిగినవాడు మరల పైకి రాకపోవచ్చును. 'కాలువ పూడినది, ఎవరినైన బిలువుము' అను మాటలో ఈ ప్రాణాపాయము కానరాదు. రక్షణసాధనములు లేక మనుష్యుని భూగర్భనాళములలోనికి, సెప్టిక్ ట్యాంకులలోనికి దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. 2023 కేంద్ర బడ్జెట్ ప్రసంగమున 'మ్యాన్‌హోల్' స్థానమున 'మెషీన్‌హోల్' రావలెనని చెప్పబడినది. పేరు మారుట మంచిదే. దానితో పని తీరును మారవలెను.

మాబోటి పండితులు వెంటనే 'మలజలవాహిని' వంటి సమాసములను గట్ట నుత్సహింతురు. అది వలదని నా మనవి. దిగువానికి తెలియని పదము వానిని గాపాడజాలదు. వాననీటిది వానకాలువ, మలినమును మోయునది మలినపు గొట్టము, మలినము నిలుచునది మలినపు తొట్టి. ఈ మూడింటిని పురపాలక సంఘముల ఫిర్యాదు పత్రములయందును, మూతలమీదను వేరువేరుగా వ్రాయవలెను. శబ్దశాస్త్రము చదివిన మనము ఈ పాటి సేవయైన జేయకున్న, ఆ చదువు కేవలము భ్రమయే యగును.